డార్క్‌రూమ్‌లో టైమ్ ఎంత, ఫిల్టర్ ఏది: బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ లెక్కలు

ఇంట్లో ఫిల్మ్ కడుక్కునేవాళ్లు ఈ మధ్య బాగానే పెరిగారు గానీ కడిగి, ఆరబెట్టి, స్కాన్ చేసేసి అక్కడితో ఆపేస్తున్నారు, ఎన్‌లార్జర్ (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి పేపర్ మీద వేసే మెషీన్) దాకా వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు కూడా చాలామంది మొదటి డబ్బా పేపర్ అయిపోయేసరికి విసుగొచ్చి వదిలేస్తారు. ఎందుకంటే ప్రింట్ బాలేకపోతే టైమ్ మారుస్తారు, ఇంకా బాలేకపోతే ఫిల్టర్ మారుస్తారు, ఆ తర్వాత రెండూ కలిపి కెలుకుతారు, ఏది మారిస్తే ఏం మారిందో అర్థం కాదు, చివరికి చెత్తబుట్ట నిండా 8×10 ఇంచుల పేపర్లే. అవేమైనా ఊరికే వచ్చేవా అంటే కాదు, ఊటీలో ఇందు బ్రాండ్ చేసే హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఎప్పుడో మూతపడింది, ఇప్పుడు మనకి దొరికే ఇల్‌ఫోర్డ్, ఫోమా పేపర్లు అన్నీ దిగుమతి సరుకే. అందుకే పేపర్ తక్కువ తగలేసి టైమ్, కాంట్రాస్ట్ రెండూ పట్టుకునే పద్ధతి ఒకటి రాస్తున్నా. లెక్కలంటే భయపడకండి, మొత్తం గుణకారమే, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది. ప్రింట్‌లో తెలుపు టైమ్‌ని బట్టి, నలుపు ఫిల్టర్‌ని బట్టి. ఫిల్టర్ అంటే లైట్ దారిలో పెట్టే రంగు ముక్క, దాని నంబర్ (గ్రేడ్) 00 నుంచి 5 దాకా పెరిగేకొద్దీ కాంట్రాస్ట్, అంటే తెలుపు నలుపుల తేడా, పెరుగుతుంది. అంటే లైట్ టోన్స్‌లో డీటెయిల్ సరిగ్గా వచ్చేదాకా టైమ్ ఒక్కటే మార్చాలి, నలుపు వైపు అస్సలు చూడకూడదు. అది కుదిరాక అప్పుడు నలుపు చూడాలి, నలుపు చాల్లేదంటే ఫిల్టర్ పెంచాలి, మరీ పూడిపోయి తారుముద్దలా ఉంటే ఫిల్టర్ తగ్గించాలి. నలుపు చాలట్లేదు కదా అని టైమ్ పెంచారంటే ప్రింట్ అంతా బూడిద రంగుకి పోద్ది, తొంభై శాతం బురద ప్రింట్ల కథ ఇదే.

లెక్క మొదలెట్టే ముందు కదలకుండా ఉండాల్సినవి

టైమ్ పట్టుకోవడం అంటే మిగతావన్నీ స్థిరంగా ఉండాలి, లేకపోతే ఇవ్వాళ 16 సెకండ్లు అని రాసుకున్నది రేపు పనికిరాదు. లెన్స్ పూర్తిగా తెరిచిన దగ్గర్నుంచి రెండు స్టాప్‌లు మూయండి (ఒక స్టాప్ అంటే లైట్ సగం అవడం లేదా రెట్టింపు అవడం), ఎఫ్ 2.8 లెన్స్ అయితే ఎఫ్ 5.6, మన దగ్గర ఎక్కువగా దొరికే పాత 50 ఎంఎం ఎఫ్ 4 లెన్స్‌లైతే ఎఫ్ 8. అక్కడ మూలల దాకా షార్ప్‌గా ఉంటుంది. టైమ్ పది నుంచి ముప్పై సెకండ్ల మధ్య పడేలా ఎఫ్ నంబర్ సర్దుకోండి. మూడు నాలుగు సెకండ్లు వస్తే బల్బు వేడెక్కి పూర్తిగా వెలిగే ఆ క్షణం కూడా లెక్కలో పెద్ద వాటా తినేస్తుంది, పైగా డాడ్జింగ్ (ఒక చోట లైట్ పడకుండా కాసేపు చెయ్యి అడ్డం పెట్టడం) చెయ్యడానికి చేతికి టైమే ఉండదు.

మన ఊళ్లల్లో అసలు సమస్య కరెంటు. మామూలు ఫిలమెంట్ బల్బు ఉన్న ఎన్‌లార్జర్‌కి వోల్టేజ్ పది శాతం పడిపోతే, అంటే 230 కాస్తా 207 అయితే, లైట్ పది శాతం కాదు, ఇంచుమించు ముప్పై శాతం పడిపోతుంది. అది అర స్టాప్. పక్క గదిలో ఏసీ ఆన్ అయ్యిందా, పైన మోటార్ వేశారా, మీ ప్రింట్ మారిపోయింది. పైగా వోల్టేజ్ తగ్గిన బల్బు పసుపుగా మారుతుంది, ఈ రోజుల్లో చాలా పేపర్లు లైట్ రంగుని బట్టే కాంట్రాస్ట్ మార్చుకుంటాయి కాబట్టి టైమ్‌తో పాటు కాంట్రాస్ట్ కూడా కాస్త దిగుతుంది. ఎన్‌లార్జర్‌కి మాత్రమే ఒక చిన్న స్టెబిలైజర్ పెట్టుకోండి, అయితే టీవీకి, ఫ్రిజ్‌కి వాడే టక్ టక్ మని రిలే కొట్టేవి కాదు, అవి మెట్లు మెట్లుగా మారుస్తాయి, ఎక్స్‌పోజర్ మధ్యలో మారిందంటే ఇంకా దరిద్రం. సర్వో రకం మేలు. అదీ లేదంటే రాత్రి పదకొండు తర్వాత ప్రింట్ చేస్కోండి, చాలామంది చేసేది అదే. బల్బు తీసి ఎల్‌ఈడీ పెడితే సరిపోదా అని అడుగుతారు, వెలుగు స్థిరంగా ఉంటుంది నిజమే గానీ ఫిల్టర్లు ఫిలమెంట్ బల్బు రంగుకి లెక్కేసి చేసినవి, ఎల్‌ఈడీ కింద ఒక్కో ఫిల్టర్‌కి రావాల్సిన గ్రేడ్ రాదు, అన్నీ మళ్లీ మీరే టెస్ట్ చేసుకోవాలి.

రెండోది వేడి. డబ్బా మీద ఇచ్చే టైమ్‌లు 20 డిగ్రీలకి, మే నెలలో విజయవాడ మేడ మీద ట్యాంక్ నీళ్లకి ఆ నంబర్ తెలీదు. డెవలపర్ ట్రేని కాస్త పెద్ద టబ్బులో నీళ్లు పోసి అందులో పెట్టండి, ఐస్ ముక్కలు జిప్ కవర్లో వేసి ఆ టబ్బులో వెయ్యండి, డెవలపర్లో నేరుగా వేస్తే పలచబడి పోద్ది. 20 రాకపోయినా పర్లేదు, 24 అయితే 24 దగ్గరే రాత్రంతా ఉంచండి, మారకుండా ఉండటం ముఖ్యం. మారుతూనే ఉందనుకోండి, పాత స్టూడియోవాళ్ల పద్ధతొకటి ఉంది. పేపర్ డెవలపర్లో వేసిన దగ్గర్నుంచి బొమ్మ మొదట కనపడేదాకా ఎన్ని సెకండ్లో లెక్కపెట్టి దాన్ని ఆరుతో గుణించండి. ఫైబర్ పేపర్ (ప్లాస్టిక్ పూత లేని కాగితం రకం) మీద 20 సెకండ్లకి కనపడితే 120 సెకండ్లు ఉంచాలి, డెవలపర్ వేడెక్కి 15కే కనపడితే 90. ప్రతిసారీ అదే ఆరు వాడితే డెవలప్‌మెంట్ ఒకేలా ఉంటుంది. ప్రింట్ నల్లబడిపోతోందని ముందే లాగేయడం మాత్రం చెయ్యొద్దు, నలుపు చచ్చిపోయి మచ్చలు పడతాయి, మీ టైమ్ లెక్కంతా గంగలో కలుస్తుంది.

సేఫ్‌లైట్, అంటే పేపర్ పాడవకుండా డార్క్‌రూమ్‌లో వెలిగించుకునే మసక లైటు, దాని సంగతి కూడా చూసుకోవాలి. ఎర్ర జీరో బల్బు పెట్టుకుని ధైర్యంగా ఉంటారు, దాంట్లోంచి తెల్ల వెలుగు ఎంత లీకవుతుందో ఎవరికీ పట్టదు. ఉత్త పేపర్ మీద రూపాయి బిళ్ల పెట్టి చూడటం సరైన టెస్ట్ కాదు. ముందు ఎన్‌లార్జర్ కింద ఆ పేపర్‌కి లేత బూడిద రంగు వచ్చేంత కొద్దిగా లైట్ ఇవ్వండి, అప్పుడు బిళ్ల పెట్టి సేఫ్‌లైట్ కింద ఐదు నిమిషాలు వదిలి డెవలప్ చెయ్యండి. బిళ్ల గుండ్రం కనపడిందంటే మీ తెలుపుల మీద బూడిద మసక చేరుతోందని అర్థం, కాంట్రాస్ట్ ఎంత పెంచినా తెలుపు మెరవదు. ఇంకోటి, టైమర్ బదులు ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ వాడేవాళ్లు ఫోన్‌ని బోర్లా పెట్టి శబ్దం మాత్రమే వినండి.

సెకండ్లు కూడకండి, స్టాప్‌లు గుణించండి

టెస్ట్ స్ట్రిప్ (ఒకే పేపర్ ముక్క మీద గడి గడికీ వేరే టైమ్ ఇచ్చి చూడటం) అంటే అందరూ 5, 10, 15, 20, 25 సెకండ్లు వేస్తారు. చూడ్డానికి సమానంగా ఉన్నాయి గానీ పేపర్‌కి సమానం కావు. 5 నుంచి 10 అంటే లైట్ రెట్టింపు, పూర్తి స్టాప్, 20 నుంచి 25 అంటే మూడో వంతు స్టాప్. స్ట్రిప్‌లో ఒక చివర టోన్లు ఎగిరి గంతేస్తాయి, ఇంకో చివర తేడానే కనపడదు. కెమెరాలో షట్టర్ 125, 250, 500 అని రెట్టింపు చేసుకుంటూ పోతాం కదా, ఇక్కడా అంతే.

గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్లు నాలుగే. మూడో వంతు స్టాప్ పెంచాలంటే 1.26తో గుణించండి, అర స్టాప్‌కి 1.41, మూడింట రెండు వంతులకి 1.59, పూర్తి స్టాప్‌కి 2. తగ్గించాలంటే అవే వరసలో 0.79, 0.71, 0.63, 0.5. ఒక చీటీ మీద రాసి ఎన్‌లార్జర్ స్తంభానికి అంటించండి.

మూడో వంతు స్టాప్ వరస 8 దగ్గర మొదలెడితే 8, 10, 12.7, 16, 20, 25.4, 32. స్ట్రిప్ వేసేటప్పుడు అట్ట ముక్క జరుపుతూ ఒకదాని మీద ఒకటి ఇస్తాం కాబట్టి మొదట మొత్తానికి 8 సెకండ్లు, ఆ తర్వాత ఒక్కో గడి మూసుకుంటూ 2.1, 2.6, 3.3, 4.2, 5.2, 6.6 సెకండ్లు కలపాలి. పాయింట్లు లేని టైమర్ అయితే అర స్టాప్ వరస తీస్కోండి, 8 ఇచ్చి ఆ మీద 3, 5, 7, 9 ఇస్తే 8, 11, 16, 23, 32 వస్తాయి, చాలా దగ్గరగా సరిపోతాయి. అసలు నెగటివ్ గురించి ఏమీ తెలీనప్పుడు మొదటి స్ట్రిప్ అర స్టాప్‌ల్లో వేసి, దొరికిన చోట చుట్టూ రెండోది మూడో వంతుల్లో వేస్తే పేపర్ కలిసొస్తుంది.

స్ట్రిప్ ఎక్కడ పెట్టాలి అన్నది చాలామంది పట్టించుకోరు. పేపర్‌ని ఫ్రేమ్ మధ్యలో అడ్డంగా పడేస్తే ఒక గడిలో ఆకాశం, ఒక గడిలో మొహం, ఒక గడిలో చెట్టు పడతాయి, దేన్ని దేంతో పోలుస్తారు? మీకు ముఖ్యమైన తెలుపు ఏదో చూసి, అది అన్ని గడుల్లోనూ పడేలా పెట్టాలి. అది చిన్నదైతే 8×10ని ఇంచిన్నర ముక్కలుగా కోసుకుని, ప్రతి ముక్కనీ అదే చోట పెట్టి విడివిడిగా ఎక్స్‌పోజ్ చెయ్యండి, వెనక పెన్సిల్‌తో నంబర్ వెయ్యండి. కాస్త ఓపిక పని, కానీ ఇలా ఒక్కసారి చూశాక మళ్లీ పాత పద్ధతికి పోబుద్ధి కాదు.

ఒక నెగటివ్ పట్టుకుని చూద్దాం

అరుగు మీద తెల్ల పంచె కట్టుకుని కూర్చున్న తాతగారు, ఎండ పంచె మీద పడుతోంది, వెనక తలుపు తెరిచిన చీకటి గుమ్మం, లోపల దూలం అంచు ఒకటి లీలగా. 35 ఎంఎం నెగటివ్, 8×10 సైజు, ఎఫ్ 8, ఫిల్టర్ 2. ఎప్పుడూ 2 దగ్గరే మొదలెట్టండి, అది నడిమధ్య.

స్ట్రిప్ పంచె మడతల మీద. 8, 10 గడుల్లో పంచె ఉత్త తెల్ల కాగితం. 12.7లో మడత నీడ ఒకటి రెండు చోట్ల మొదలైంది. 16లో మడతలన్నీ ఉన్నాయి, ఎండ తగిలిన అంచు మాత్రం ఇంకా తెల్లగా మెరుస్తోంది. 20లో మడతలు ఇంకా బాగా కనపడతాయి గానీ పంచె ఉతక్కుండా వారం అయినట్టుంది. సమాధానం 16. ఇక్కడ గుమ్మం ఎలా ఉందో చూడకండి, నిజంగా చెయ్యి అడ్డం పెట్టుకుని చూడండి.

ఇప్పుడు 16 దగ్గర గుమ్మం మీదికి ఇంకో ముక్క. దూలం అంచు కనపడుతోంది, బానే ఉంది, కానీ దాని వెనక చీకటి నల్లగా లేదు, ముదురు బూడిద. పోల్చడానికి ఒక నల్ల ముక్క దగ్గర పెట్టుకోండి, ఏదో పేపర్ తునకని గదిలో తెల్ల లైట్ కింద చూపించి పూర్తిగా డెవలప్ చేసి హైపోలో (బొమ్మని నిలబెట్టే ఫిక్సర్‌లో) వేసిందన్నమాట, ఆ పేపర్ ఇవ్వగలిగిన గరిష్ట నలుపు అదే. గుమ్మం దాని పక్కన పెడితే వెలవెలబోతోందంటే కాంట్రాస్ట్ చాల్లేదు, ఫిల్టర్ 3కి వెళ్లాలి.

ఇక్కడే అసలు తిరకాసు. ఇల్‌ఫోర్డ్ ఫిల్టర్లు 00 నుంచి 3½ దాకా టైమ్ మారదు, 4 నుంచి 5 దాకా టైమ్ రెట్టింపు అని చెప్తారు. నిజమే, కానీ ఆ మారకపోవడం అన్నది మధ్య బూడిద టోన్‌కి. మనం చూసేది తెలుపుని. ఫిల్టర్ పెంచితే మధ్య టోన్ అక్కడే నిలబడి రెండు చివరలూ దూరం జరుగుతాయి, అంటే నలుపు ఇంకా నల్లబడుతుంది, తెలుపు ఇంకా తేలిపోతుంది. మన పంచె మడతలు 3 మీద 16 సెకండ్లకి మళ్లీ మాయం. ఎంత కలపాలి అంటే మధ్య గ్రేడ్‌లలో ఒక పూర్తి గ్రేడ్‌కి ఇంచుమించు మూడో వంతు స్టాప్, 16ని 1.26తో గుణిస్తే 20. ఇది అంచనా మాత్రమే, పేపర్‌ని బట్టి మారుతుంది కాబట్టి 16, 20, 25 మూడే మూడు ముక్కలు పంచె మీద వేసి ఖాయం చేసుకోండి. అదే 3½ నుంచి 4కి వెళ్తున్నారనుకోండి, ముందు రెట్టింపు చేసి ఆ పైన ఈ మూడో వంతులో సగం చూస్కోండి. ఫిల్టర్ తగ్గిస్తే లెక్క తిరగేయండి.

అలా 3 మీద 20 సెకండ్లకి పంచె సరే, గుమ్మం నలుపు సరే, దూలం అంచు కూడా నిలబడింది. మొత్తం పేపర్ ఖర్చు కలిపితే ఒక షీటు, ఒకటిన్నర షీటు. గ్రేడ్ 3 కూడా ఎక్కువైందనిపిస్తే 2½ ఉంది, అర గ్రేడ్ తేడా కంటికి స్పష్టంగానే తెలుస్తుంది, అంతకన్నా సన్నగా పోవాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు.

ఈ ఫిల్టర్లు పనిచేసేది ఎలాగో తెలిస్తే కలర్ హెడ్ (డయల్ తిప్పితే రంగు ఫిల్టర్ మారే ఎన్‌లార్జర్ తల) ఉన్నవాళ్లకి కూడా ఉపయోగం. మల్టీగ్రేడ్ పేపర్ (ఫిల్టర్‌తో గ్రేడ్ మారే పేపర్) మీది ఎమల్షన్ పూతలో రెండు మూడు భాగాలు కలిసి ఉంటాయి, నీలం లైట్‌కి అన్నీ ఒకే స్పీడ్‌లో స్పందిస్తాయి కాబట్టి కాంట్రాస్ట్ ఎక్కువ, ఆకుపచ్చ లైట్‌కి ఒకటి ముందు ఒకటి వెనక కాబట్టి సాఫ్ట్. మజెంటా ఫిల్టర్ ఆకుపచ్చని ఆపుతుంది, పసుపు ఫిల్టర్ నీలాన్ని ఆపుతుంది. కలర్ హెడ్‌లో మజెంటా పెంచితే గ్రేడ్ పెరుగుతుంది, పసుపు పెంచితే తగ్గుతుంది, ఏ మెషీన్‌కి ఎంత అన్న టేబుల్ పేపర్ డేటా షీట్‌లోనే ఉంటుంది. కాకపోతే డయల్ తిప్పిన ప్రతిసారీ లైట్ పరిమాణం మారుతుంది, టైమ్ మళ్లీ చూసుకోవాల్సిందే. పాతకాలం స్టూడియోల్లో ఈ గొడవ లేదు, సాఫ్ట్, నార్మల్, హార్డ్ అని డబ్బాలే వేరు, నెగటివ్ చూడగానే ఏ డబ్బా తియ్యాలో చెప్పేసేవాళ్లు.

మీటర్‌తో కొలిచేవాళ్లకి

స్ట్రిప్ వెయ్యకుండా గ్రేడ్ ముందే తెలుసుకోవచ్చా అంటే తెలుసుకోవచ్చు. ఒక్కో గ్రేడ్ ఎంత వెలుగు తేడాని తెలుపు నుంచి నలుపు దాకా సర్దగలదో ఐఎస్ఓ ఆర్ అని ఒక నంబర్ ఇస్తారు. పాత మల్టీగ్రేడ్ ఫోర్ ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) పేపర్‌కి ఇల్‌ఫోర్డ్ ఇచ్చినవి ఇవి: 00కి 180, 0కి 160, 1కి 130, 2కి 110, 3కి 90, 4కి 60, 5కి 40. ఈ నంబర్‌ని 30తో భాగిస్తే స్టాప్‌లు. అంటే గ్రేడ్ 2 ఇంచుమించు 3.7 స్టాప్‌లు మోస్తుంది, గ్రేడ్ 3 మూడు స్టాప్‌లు, గ్రేడ్ 4 రెండు, గ్రేడ్ 5 ఒకటింబావు కన్నా కాస్త ఎక్కువ, ఆ చివర 00 ఆరు స్టాప్‌లు. రెట్లలో చెప్పాలంటే 00 నుంచి వరసగా 64, 40, 20, 13, 8, 4, 2.5 రెట్లు.

ఇప్పుడు సేఫ్‌లైట్ కూడా ఆపేసి, నెగటివ్ వెలిగించి, ఈజెల్ (పేపర్‌ని పట్టి ఉంచే పలక) మీద రెండు చోట్ల కొలవండి. డీటెయిల్ ఉండాల్సిన తెలుపు ఒకటి, డీటెయిల్ ఉండాల్సిన నలుపు ఒకటి. నెగటివ్ కదా, పంచె పడే చోటు ఈజెల్ మీద చీకటిగా ఉంటుంది, గుమ్మం పడే చోటు వెలుగ్గా ఉంటుంది. గుమ్మం దగ్గర రీడింగ్‌ని పంచె దగ్గర రీడింగ్‌తో భాగించండి, 8 వచ్చిందా, గ్రేడ్ 3. 13 వస్తే 2, 20 వస్తే 1. పైన స్ట్రిప్‌లతో తిప్పలు పడి తేల్చింది ఇక్కడ రెండు నంబర్లతో తేలింది.

ఆర్‌హెచ్ డిజైన్స్ వాళ్ల ఎనలైజర్ లాంటివి ఈ పనే చేస్తాయి, ఖరీదు మాత్రం గట్టిగానే ఉంటుంది. మామూలు లక్స్ మీటర్‌తో కూడా ప్రయత్నించవచ్చు గానీ ఎఫ్ 8 దగ్గర ఈజెల్ మీద వెలుగు చాలా తక్కువ, చౌక మీటర్ సున్నా చూపిస్తుంది. మనకి కావాల్సింది నిష్పత్తి మాత్రమే కాబట్టి కొలిచేటప్పుడు లెన్స్ పూర్తిగా తెరిచేయండి, నిష్పత్తి మారదు, కొలిచాక మళ్లీ ఎఫ్ 8కి మూసేయండి. సెన్సర్ ముఖం పెద్దది కాబట్టి చిన్న మడత మీద పెడితే పక్కనున్నవి కూడా కలిపి చదువుతుంది, కొలిచేటప్పుడు మాత్రం ఎన్‌లార్జర్ పైకి లేపి బొమ్మ పెద్దది చేసుకోవచ్చు. ఇదంతా గ్రేడ్ చెప్తుంది, టైమ్ చెప్పదు, టైమ్‌కి ఒక స్ట్రిప్ వెయ్యాల్సిందే.

స్ప్లిట్ గ్రేడ్ గురించి

ఒకే ప్రింట్‌కి 00, 5 రెండు ఫిల్టర్లూ వాడే ఈ పద్ధతిని మంత్రంలా చెప్తుంటారు. పద్ధతి ఇది: ఫిల్టర్ 00 పెట్టి పంచె మీద స్ట్రిప్ వేసి, మడతలు లీలగా కనపడే టైమ్ తీస్కోవాలి, 10 వచ్చిందనుకుందాం. కొత్త ముక్క మొత్తానికి 00తో ఆ 10 ఇచ్చేసి, ఫిల్టర్ 5కి మార్చి, గుమ్మం మీద 5, 6.3, 8, 10, 12.7 అని గడులు వేసి, నలుపు నల్ల ముక్కతో కలిసిపోయే మొదటి గడి తీస్కోవాలి. అది 8 అయితే ప్రింట్ 00 మీద 10, 5 మీద 8. ఫిల్టర్ మార్చేటప్పుడు హెడ్ కదిలిందంటే బొమ్మ రెండుగా పడుతుంది, లెన్స్ కింద ఫిల్టర్ పెట్టేవాళ్లు నెమ్మదిగా మార్చండి. 5 ఫిల్టర్ లైట్ తెలుపుల మీద కూడా కొంచెం పడుతుంది కాబట్టి చివర్లో 00 టైమ్ కాస్త తగ్గించాల్సి రావచ్చు.

నా మటుకు, ప్రింట్ మొత్తానికి ఇలా చేస్తే వచ్చేది ఏదో ఒక మధ్య గ్రేడ్‌తో వచ్చేదే, అందులో కొత్త టోన్లు ఏమీ పుట్టవు. లాభం ఎక్కడంటే ఒక్కో చోటికి వేరే గ్రేడ్ ఇవ్వగలగడం. తాతగారి మొహం నీడలో ఉండి చప్పగా ఉంటే ఆ ఒక్కచోట 5తో కాస్త బర్న్ చెయ్యొచ్చు (అంటే అక్కడ అదనంగా లైట్ ఇవ్వొచ్చు), తెల్లగా తేలిపోయిన ఆకాశాన్ని 00తో బర్న్ చేస్తే చెట్ల కొమ్మలు నల్లబడకుండా ఆకాశం ఒక్కటే దిగుతుంది.

డాడ్జింగ్, బర్నింగ్ కూడా సెకండ్లలో కాకుండా స్టాప్‌లలోనే రాసుకోండి. బేస్ టైమ్ (ప్రింట్ మొత్తానికి ఇచ్చే టైమ్) 20 అనుకుంటే ఆకాశం అర స్టాప్ బర్న్ అంటే 20ని 1.41తో గుణిస్తే 28, అంటే అదనంగా 8 సెకండ్లు. పూర్తి స్టాప్ అంటే ఇంకో 20. మొహం మూడో వంతు డాడ్జ్ అంటే 20ని 0.79తో గుణిస్తే 16, అంటే 20లో 4 సెకండ్లు చెయ్యి అడ్డం పెట్టాలి. రేపు ఇదే నెగటివ్‌ని వేరే సైజులో చేసినా ఆకాశం అర, మొహం మూడో వంతు అన్న లెక్క అలాగే పనికొస్తుంది, 8 సెకండ్లు అని రాసుకుంటే పనికిరాదు.

తెలుపు మరీ మొండిగా ఉండి ఎంత బర్న్ చేసినా రాకపోతే ఫ్లాషింగ్ ఒకటుంది. నెగటివ్ తీసేసి, ఎఫ్ నంబర్ బాగా మూసి, ఉత్త లైట్‌తో పేపర్ మీద స్ట్రిప్ వేస్తే మొదట కొన్ని గడులు తెల్లగానే ఉంటాయి, ఎక్కడో బూడిద మొదలవుతుంది. మొదలవడానికి ముందున్న గడి టైమ్ తీస్కుని అసలు ఎక్స్‌పోజర్‌కి ముందో తర్వాతో అంత ఇవ్వండి. కాంట్రాస్ట్ తగ్గుతుంది కాబట్టి అవసరమైతేనే.

ఆరాక ముదరడం

ట్రేలో తడిగా ఉన్నప్పుడు మెరిసిన తెలుపు పొద్దున్న ఆరాక చూస్తే మసకగా ఉంటుంది. ఫైబర్ పేపర్‌కి ఇది బాగా తెలుస్తుంది, ఆర్‌సీకి తక్కువ. ఫైబర్ అయితే టైమ్‌లో ఐదు నుంచి పది శాతం కోసేయాలి, 20 సెకండ్ల ప్రింట్ 18.5 దగ్గర. మీ పేపర్‌కి ఎంతో తేల్చడానికి ఒక ప్రింట్ 20కి చేసి ఆరబెట్టి, తర్వాత అదే నెగటివ్‌ని 20, 19, 18.4, 17.6 అని చేసి ఆరబెట్టి, మొదటి ప్రింట్ తడిగా ఉన్నప్పుడు ఎలా ఉండిందో అలా కనపడేది ఏదో చూడండి. గుర్తులేదంటారా, అందుకే ఇంకో 20 ప్రింట్ నీళ్ల ట్రేలో తడిగా పక్కన పెట్టుకోండి. స్ట్రిప్‌లు మాత్రం చూసే ముందు హెయిర్ డ్రయర్‌తో ఆరబెడితే ఈ గొడవ సగం తీరిపోతుంది.

చూసే బల్బు కూడా ముఖ్యమే. ట్రే మీద పెద్ద ట్యూబ్ లైట్ వేసుకుని చూస్తే ప్రింట్ తేలిగ్గా కనపడి ఇంకా టైమ్ పెంచేస్తారు, హాల్లో గోడకి తగిలిస్తే చీకటి. ఆ ప్రింట్ ఏ వెలుగులో ఉండబోతోందో అంత వెలుగులోనే చూడండి.

సైజు మార్చినప్పుడు

8×10 నచ్చి 12×16 చేద్దామనుకుంటే ఎన్‌లార్జర్ పైకి పోతుంది, లైట్ పలచబడుతుంది. ఎంతో లెక్కేయొచ్చు. నెగటివ్ మీద 36 మిల్లీమీటర్లున్న వెడల్పు ఈజెల్ మీద ఎంతైందో స్కేలుతో కొలిచి 36తో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. పాత రెట్లకి ఒకటి కలపండి, కొత్త రెట్లకి ఒకటి కలపండి, కొత్తదాన్ని పాతదాంతో భాగించి వచ్చినదాన్ని దాంతోనే గుణించండి. 216 మిల్లీమీటర్లు అంటే 6 రెట్లు, 360 అంటే 10 రెట్లు. 11ని 7తో భాగిస్తే 1.57, దాన్ని దాంతోనే గుణిస్తే 2.47. పాత టైమ్ 20 అయితే కొత్తది 49 సెకండ్లు. అంతసేపు ఎందుకనుకుంటే లెన్స్ ఒక స్టాప్ తెరిచి 25 దగ్గర చేస్కోండి.

ఈ లెక్క గట్టిగానే దగ్గరికి తీసుకొస్తుంది, కానీ పెద్ద సైజులో అదే కాంట్రాస్ట్ కంటికి కాస్త చప్పగా అనిపించడం మామూలే, పంచె మీద మూడు గడుల స్ట్రిప్ ఒకటి, గుమ్మం మీద అర గ్రేడ్ పెంచి ఇంకొకటి వేసి చూశాకే పెద్ద షీటు బయటికి తియ్యండి. ప్రింట్ కుదిరాక వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తో ఎఫ్ నంబర్, రెట్లు, గ్రేడ్, బేస్ టైమ్, బర్న్ స్టాప్‌లు, పేపర్ పేరు, ఈ ఆరూ రాసేయండి, ఆర్‌సీ వెనక పెన్సిల్ పట్టకపోతే సన్న పర్మనెంట్ మార్కర్ పనికొస్తుంది, ఇంకు పూర్తిగా ఆరేదాకా మాత్రం ప్రింట్లు ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు.